‘వింటేజ్’ అంటే ఏ ఏటి పంట?

రాజధాని నగరంలో ‘వింటేజ్’ అనే ఇంగ్లీషు మాట చెవిన పడని వారం ఉండదు. లోక్‌సభలో ఒక వృద్ధ సభ్యుడు చాలాకాలం తర్వాత గొంతు సవరించుకుని ప్రభుత్వాన్ని నాలుగు మాటలంటే, మరునాటి ఇంగ్లీషు పత్రికలు దానిని ‘వింటేజ్’ ప్రసంగమని మెచ్చుకుంటాయి. ముప్పయి అయిదేళ్ళు దాటిన క్రికెట్ ఆటగాడు యౌవనంలో కొట్టినట్టే ఒక కవర్ డ్రైవ్ కొడితే అది ‘వింటేజ్’. సుందర్ నగర్ అంగళ్ళలో కాలు విరిగిన కుర్చీ ‘వింటేజ్’, అమ్మమ్మగారి పెట్టెలోని పట్టుచీర ‘వింటేజ్’. ఫిబ్రవరి ఎండలో ఇండియా గేట్ పరిసరాలలో హారను మోగిస్తూ సాగిపోయే పాతకాలపు మోటారు కార్లు సరేసరి.

ఈ మాటతో నాకొక పాత లెక్క ఉన్నది. అది 1990ల చివరి సంగతి. నేను ఢిల్లీకి కొత్త. ఒక రాత్రి లోక్‌సభలో చర్చ చాలా పొద్దుపోయేదాకా సాగింది. ప్రతిపక్షంలోని ఒక కురువృద్ధుడు ముప్పావు గంట సేపు అనర్గళంగా మాట్లాడారు. విలేకరుల గ్యాలరీలో నా పక్కన కూర్చున్న ఇంగ్లీషు పత్రికాప్రతినిధి పెన్ను మూస్తూ ‘వింటేజ్!’ అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. హైదరాబాదుకు వార్త పంపవలసిన సమయం మించిపోతున్నది. హడావుడిలో ఆ మాటకు తెలుగు వెతికి, ‘ఆయన తన పాత ధోరణిలోనే ప్రసంగించారు’ అని రాసి పంపాను.

మరునాడు పొద్దున్నే ఆ సభ్యుని అనుచరుడొకరు టెలిఫోన్ చేశారు. “అయ్యా, మా పెద్దాయన పాత పాటే పాడారని రాస్తారా? సభ అంతా బల్లలు చరిచిందే!” అన్నారు. నేను నొచ్చుకుని, ఇంగ్లీషులో ఆ మాట గొప్ప ప్రశంస అని, తెలుగులోకి వచ్చేసరికి అలా మారిందని సంజాయిషీ చెప్పుకున్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే తెలుగులో ఆ పొగడ్త ఎందుకు లేదండీ?” అని అడిగారు. ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్న నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. ఇన్నేళ్ళుగా అప్పుడప్పుడు ఆ ప్రశ్న గుర్తుకు వస్తూనే ఉన్నది. జవాబు వెతకడానికి ఈ వారం ప్రయత్నిస్తాను.

బుట్టలో పుట్టిన మాట

మాట పుట్టింది రాజసభలో కాదు, ద్రాక్షతోటలో. లాటిన్‌లో ‘వీనుం’ అంటే ద్రాక్షసారా. ‘దేమెరె’ అంటే తీయడం, కోయడం. రెండూ కలిసి ‘విందేమియా’ అయింది. ద్రాక్షకోత అని అర్థం. ఫ్రెంచి వారి నోట అది ‘వాందాజ్’గా మారింది. ఇంగ్లీషు వారు దానిని పుచ్చుకుని, సారా వర్తకుణ్ణి పిలిచే ‘వింట్నర్’ అనే మాట పోలికతో ‘వింటేజ్’గా మార్చుకున్నారు. అంటే మొదట ఆ మాటకు వయస్సుతోనూ సంబంధం లేదు, గొప్పతనంతోనూ సంబంధం లేదు. వంగి, గుత్తి కోసి, బుట్టలో వేసే పనికే ఆ పేరు. ఆ తర్వాత ఆ కోతలో వచ్చిన పంటకు పేరయింది. ఆపైన ఆ పంట పండిన సంవత్సరానికి, ఆ సంవత్సరపు సారాకు పేరయింది. చిట్టచివరకు పండూ లేదు, తోటా లేదు. పాతదై మేలైన ప్రతి వస్తువుకూ అది బిరుదయి కూర్చున్నది.

ఫ్రెంచి వారు మాత్రం రెండు పనులకు రెండు మాటలు ఉంచుకున్నారు. కోతను ‘వాందాజ్’ అంటారు. సీసా మీద వేసే సంవత్సరాన్ని ‘మిలెజీమ్’ అంటారు. ఇంగ్లీషు భాష ఈ రెండింటినీ ఒకే మాటలో కుక్కింది. అందువల్ల కూలివాని శ్రమ, వర్తకుని ముద్ర ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కలిసిన తర్వాత మిగిలింది ముద్రేనని వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రెంచి విప్లవకారులు రాజుల కాలపు పంచాంగాన్ని రద్దు చేసి కొత్త పంచాంగం రాసుకున్నప్పుడు, సంవత్సరాదిని సెప్టెంబరు చివరకు మార్చి, మొదటి నెలకు ద్రాక్షకోత పేరే పెట్టారు. ‘వాందెమియేర్’ అంటే కోతల మాసం. రాజులు, పునీతుల పేర్లు పోయి కోతకూలీ పని పంచాంగానికి మొదటి పుట అయింది. అయితే విప్లవ శకం నాలుగో ఏట, ఆ నెల 13వ తేదీన, అంటే 1795 అక్టోబరు 5న, పారిస్ వీథుల్లో రాచరికవాదుల తిరుగుబాటుపై ఫిరంగులు పేల్చి ఒక యువ సేనాని పైకి వచ్చాడు. అతని పేరు నెపోలియన్. చక్రవర్తి అయిన తర్వాత అతడే 1806 ఆరంభంతో ఆ పంచాంగానికి స్వస్తి చెప్పాడు. ఇప్పుడు చరిత్ర పుస్తకాలలో ఆ మాసం ఫిరంగి మోతకే గుర్తు. కోత సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సీసా మీద సంవత్సరం

సారా సీసాపై సంవత్సరం వేయడం వెనుక ఉన్న ఆలోచన మాత్రం చాలా నిజాయితీ గలది. తీగ ఒకటే, నేల ఒకటే. కాని ఒక ఏడు వసంతంలో మంచు కురిసి చిగుళ్ళు మాడిపోతాయి. ఒక ఏడు కోతకు ముందు వాన పడి గుత్తులు కుళ్ళిపోతాయి. ఒక ఏడు ఎండ సమంగా కాసి కాయ నిండుగా పండుతుంది. ఏ ఏటి పంట ఆ ఏటిదే. ఐరోపా సమాజపు నిబంధనల ప్రకారం సీసాపై ఒక సంవత్సరం వేయాలంటే లోపలి ద్రాక్షలో కనీసం నూటికి 85 పాళ్ళు ఆ ఏటిదే అయి ఉండాలి. అంతే. మంచి ఏడా, చెడ్డ ఏడా అన్నది ఆ అంకె చెప్పదు. అది సాక్ష్యమే గాని యోగ్యతాపత్రం కాదు. పోర్చుగల్‌లో పోర్ట్ సారా తయారుచేసే సంస్థలు మేలైన పంట వచ్చిన ఏడు మాత్రమే ‘వింటేజ్’ ప్రకటిస్తాయి. ఫ్రాన్స్‌లో షాంపేన్‌లో అధికభాగం అనేక సంవత్సరాల సారాలు కలిపి చేసినదే కనుక దానిపై సంవత్సరమే ఉండదు.

ఇంకొక అపోహ కూడా ఉన్నది. పాతబడిన కొద్దీ సారా మెరుగవుతుందని లోకం నమ్ముతుంది. ప్రపంచంలో తయారయ్యే ద్రాక్షసారాలో చాలా భాగం కొద్ది సంవత్సరాలలో తాగడానికి ఉద్దేశించినదే. దాచితే మేలయ్యేది ఏ కొంచెమో. మిగతాది దాచితే రుచి పోతుంది, మూత సరిగ్గా లేకపోతే పులిసి చెడుతుంది. పాతదనమే గుణమని ద్రాక్షతోట యజమాని కూడా అనడు. ఆ మాట అనేది మనమే, నాయకుల విషయంలో.

ఆపీమియస్ ఏడు

సంవత్సరం పేరుతో సారాను కీర్తించే అలవాటు రోమన్లది. వారికి ఏడాదికి ఇద్దరు కాన్సళ్ళు. ఆ కాన్సళ్ళ పేర్లే ఆ సంవత్సరానికి పేర్లు. సారా జాడీలపై అవే రాసేవారు. ఆ దేశ చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధికెక్కిన పంట క్రీ.పూ. 121 నాటిది. ఆ ఏటి కాన్సల్ లూసియస్ ఆపీమియస్ పేరిట దానికి ‘ఆపీమియన్’ అని పేరు. ఆ ఏడు ఎండ అద్భుతంగా కాసిందట. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత ప్లినీ దానిని గురించి రాస్తూ, అప్పటికది చేదెక్కిన తేనెలాగా చిక్కబడి, నేరుగా తాగడానికి పనికిరాక, ఇతర సారాలకు పదును పెట్టడానికి మాత్రమే వాడుతున్నారని చెప్పాడు. అయినా దాని పరువు తగ్గలేదు. పెట్రోనియస్ రాసిన వ్యంగ్య కథలో కొత్త ధనవంతుడు త్రిమాల్కియో విందులో అతిథుల ముందు పెట్టి గొప్పలు పోయేది కూడా ఆపీమియస్ పేరు కట్టిన జాడీలనే.

ఇంతకూ ఈ ఆపీమియస్ ఎవరు? రోమ్‌లో పేదలకు చౌకధరకు ధాన్యం ఇప్పించే చట్టం చేసి, తన అన్న ప్రారంభించిన భూమి పంపకాన్ని కొనసాగించబోయిన గాయస్ గ్రాకస్‌ను మట్టుబెట్టినవాడు. అన్న తిబేరియస్‌ను పన్నెండేళ్ళ ముందే చంపారు. క్రీ.పూ. 121లో రాజ్యరక్షణ పేరిట సెనేట్ తనకిచ్చిన అధికారంతో ఆపీమియస్ సాయుధులను దింపాడు. గ్రాకస్ పక్షం వారు మూడు వేల మంది హతులయ్యారని ప్లూటార్క్ రాశాడు. గ్రాకస్ తల తెచ్చినవానికి ఆ తలతో సరితూగే బంగారం ఇస్తానని చాటించగా, తెచ్చినవాడు తలలో సీసం నింపి మోసగించాడట! ఇంత జరిగిన తర్వాత ఆ కాన్సల్ సామరస్య దేవతకు గుడి కట్టించాడు. రాత్రికి రాత్రే ఎవరో ఆ గుడి మీద ఎత్తిపొడుపు రాసిపోయారని కూడా ప్లూటార్క్ చెబుతాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు జుగుర్తా రాజు నుంచి లంచం తిన్నాడన్న అభియోగం రుజువై ఆపీమియస్ దేశం విడిచిపోయాడు.

అతని పేరు మాత్రం సారా జాడీపై నిలిచిపోయింది. భూసంస్కరణ కోరినవారి రక్తం పారిన ఏడు, ధనికుల విందు బల్లమీద ‘అపూర్వమైన ఏడు’గా రెండు శతాబ్దాలు బతికింది. నిజానికి ఆపీమియస్ ఒక తీగకు కూడా నీరు పోసి ఉండడు. ఎవరు పాలించిన ఏడు అని జాడీ చెప్పింది. ఎవరు కోసిన పంట అని చెప్పలేదు. ఆ ఏడు ఇంకేం జరిగిందన్నది అసలే చెప్పలేదు.

మన ఏళ్ళ పేర్లు

మనకూ సంవత్సరాలకు పేర్లున్నాయి. ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై. కాని తెలుగు రైతు జ్ఞాపకంలో పంటను బట్టి నిలిచిపోయిన ఏళ్ళు ఏవి? ‘నందన కరవు’ అంటే 1832-33. గుంటూరు మండలంలో లక్షకు మించి జనం చనిపోయిన కరవు అది. ‘ధాత కరవు’ అంటే 1876-77లో మొదలై బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలను ఎండగట్టిన కరవు. ఫలానా ఏడు వరి బంగారంలా పండిందని పేరు పెట్టుకున్న దాఖలాలు అరుదు. పండని ఏళ్ళకే పేర్లు మిగిలాయి. తినడానికి లేనివాని ‘వింటేజ్’ అది.

ధాత కరవుకు, నేను ఈ లేఖ రాస్తున్న ఢిల్లీకి ఒక సంబంధం ఉన్నది. 1877 జనవరి 1న ఢిల్లీ నగరానికి ఉత్తరాన ఉన్న మైదానంలో వైస్రాయి లిట్టన్ మహా దర్బారు జరిపి, విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. సంస్థానాధీశులు ఏనుగులతో, పరివారాలతో తరలివచ్చారు. రోజుల తరబడి విందులు జరిగాయి. సరిగ్గా అప్పుడే మద్రాసు రాజధానిలో మన జిల్లాలు ఆకలితో అల్లాడుతున్నాయి. అదే జనవరిలో లిట్టన్ దూతగా వెళ్ళిన రిచర్డ్ టెంపుల్, కరవు పనికి వచ్చిన మగకూలీకి రోజు గ్రాసం ఒక పౌను ధాన్యానికి, పైన ఒక అణాకు తగ్గించాడు. దానికి ‘టెంపుల్ కూలి’ అని చరిత్రలో పేరు.

దర్బారు జరిగిన చోటు ఇప్పుడు కారొనేషన్ పార్కు. అక్కడ రాతిస్తంభం ఉన్నది. స్వాతంత్ర్యం తర్వాత నగర కూడళ్ళ నుంచి తొలగించి తెచ్చిన దొరల శిలావిగ్రహాలు ఉన్నాయి. ధాత ఏడు ఏం జరిగిందన్నది అక్కడ నిలబడితే తెలియదు. ఒకే సంవత్సరం. ఢిల్లీ లెక్కలో అది దర్బారు ఏడు, కడప లెక్కలో కరవు ఏడు. ఏ ముద్ర వేయాలో ఎవరు నిర్ణయిస్తారన్నది సారా వర్తకుని ప్రశ్న మాత్రమే కాదని ఆ మైదానంలో నిలబడినప్పుడల్లా నాకు తోస్తుంది.

తుక్కుకు, తలమానికానికి నడుమ

ఇక ఢిల్లీ కార్ల సంగతి. ఇక్కడ పాత కార్ల ఊరేగింపు 1964 నుంచి జరుగుతున్నది. చూడముచ్చటైన వేడుక. బ్రిటన్‌లో ఈ మాటను కార్లకు అంటించిన సంఘం 1934లో ఏర్పడింది. 1931కి ముందు తయారైనవే వారి లెక్కలో ‘వింటేజ్’ కార్లు. అంటే సంఘం పుట్టేనాటికి వాటిలో కొన్నిటి వయస్సు నాలుగైదేళ్ళే! వారు మెచ్చుకున్నది వయస్సును కాదు, ఒక కాలపు పనితనాన్ని. మన దేశంలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనాలను ‘వింటేజ్’గా నమోదు చేసే పద్ధతి తెచ్చారు. వాటికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000. ప్రదర్శనలకు, ఊరేగింపులకు తీసుకుపోవచ్చు గాని రోజువారీ తిరగరాదు.

అదే ఢిల్లీలో మరొక నిబంధన ఉన్నది. వాయు కాలుష్యం దృష్ట్యా పదేళ్ళు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరిచింది. 2025 జులై 1 నుంచి అటువంటి బండ్లకు పెట్రోలు పోయరాదని బంకులకు ఉత్తర్వులు వచ్చి, గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజులలోనే నిలిచిపోయాయి. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది. డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

ఈ నగరపు గాలి పీల్చేవాడెవడూ కాలుష్య నియంత్రణను తప్పుపట్టలేడు. నేనూ తప్పుపట్టడం లేదు. కాని లెక్క చూడండి. పదిహేనేళ్ళు దాటిన బండి తుక్కు. యాభై ఏళ్ళు దాటితే అదే తలమానికం. నడుమ ముప్పయి అయిదేళ్ళు దానిని కదల్చకుండా, తుప్పు పట్టకుండా, అమ్ముకోవలసిన అవసరం రాకుండా దాచిపెట్టగల వసారా, సంపద ఉన్నవాడికే ఆ బిరుదు దక్కుతుంది. పాత మారుతి కారులో కూరగాయలు మోసుకునే చిన్న వ్యాపారికి దక్కదు. వయస్సును గౌరవించే మాట అని మనం అనుకుంటున్నది నిజానికి దాచుకునే శక్తిని గౌరవించే మాట. సారా విషయంలోనూ అంతే. తోటవాడు దాచుకోలేడు, కొన్నవాడు దాచుకుంటాడు.

ద్రాక్షాపాకం, ‘వైన్స్’ బోర్డు

మన భాషలో ద్రాక్ష ఇంకొక దారి పట్టింది. కవిత్వపు శైలిని మన ఆలంకారికులు మూడు పాకాలుగా చెప్పారు. కొబ్బరికాయ పగలగొడితేగాని దక్కనిది నారికేళపాకం. తొక్క ఒలిస్తే చాలునన్నది కదళీపాకం. నోట వేసుకోగానే రసం ఊరేది ద్రాక్షాపాకం. గమనించండి, ఇంగ్లీషువాడు ద్రాక్షనుంచి పాతదనాన్ని ప్రశంసగా తీసుకున్నాడు. మనవారు అదే ద్రాక్షనుంచి తాజాదనాన్ని, సుబోధకతను ప్రశంసగా తీసుకున్నారు. పాతదానిని మెచ్చుకోవడం మనకు తెలియక కాదు. పాత బియ్యం మేలంటాం, పాత చింతపండు పథ్యమంటాం. ఆ మెప్పు వంటింటికే పరిమితం చేశాం. ప్రసంగానికి, పద్యానికి మాత్రం కొలత వేరు: విన్నవానికి వెంటనే అందిందా, లేదా?

హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఒకప్పుడు ప్రసిద్ధమైనవి. నగరం పెరిగి ఆ తోటలలో చాలా భాగం ఇళ్ళ స్థలాలయ్యాయి. తోటలు పోయినా మాట మాత్రం మన వీథుల్లో మరొక రూపంలో వెలిసింది. తెలుగు పట్నాలలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణంలో ద్రాక్షనుంచి తీసినది ఏ మూలనో నాలుగు సీసాలు ఉంటే ఉండవచ్చు. అక్కడ అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, బీరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించిన నాటి నుంచి 1995 మద్యనిషేధం దాకా, ఆ తర్వాత దాని సడలింపు దాకా జరిగిన కథ పాఠకులకు తెలిసినదే. ఆ స్త్రీలకు ‘వింటేజ్’ అనే మాట తెలియదు. ఏ ఏడు తమ కూలి డబ్బు ఎంత పోయిందో మాత్రం తెలుసు.

కోసినవారి ఏడు

నేడు దేశంలో ద్రాక్షకు పేరు నాసిక్, సాంగ్లీ ప్రాంతాలది. అక్కడ తీగను ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు, పంట ఒక్కటే. కోత సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా. ఆ సమయంలో అకాలవర్షమో వడగళ్ళో పడితే ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. పండేదానిలో అత్యధిక భాగం తినే ద్రాక్ష. సారాకు పోయేది స్వల్పం. అయినా 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం పెద్ద సరుకుల దుకాణాలలో ద్రాక్షసారా అమ్మకానికి అనుమతిస్తూ నిర్ణయించినప్పుడు, అది రైతుల మేలుకేనని చెప్పింది. పెద్ద వివాదం రేగింది. ఆ వాదోపవాదాలలో రైతు పేరు రెండు పక్షాలూ ఎత్తాయి. పేఠ్, సుర్గాణా తాలూకాల నుంచి పనికి వచ్చే ఆదివాసీ కూలీల పేరు మాత్రం వినిపించలేదు.

ఇది మన దేశానికే పరిమితమైన మరపు కాదు. 2023 సెప్టెంబరులో, ఫ్రాన్స్‌లోని షాంపేన్ సీమలో కోతల వేళ ఎండ మండిపోయింది. కొందరు కోతకూలీలు మరణించారు. అదే కోతకు పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన యాభై మందికి పైగా వలస కూలీలను మనుషులు ఉండరాని ఇంట్లో కుక్కి ఉంచినట్టు బయటపడింది. 2025 జులైలో అక్కడి న్యాయస్థానం ముగ్గురిని మానవ అక్రమ రవాణా నేరం కింద శిక్షించింది. షాంపేన్ అంటే ప్రపంచమంతటా సంబరానికి మారుపేరు. ఆ ఏటి పంటతో ప్రత్యేకంగా చేసిన సీసాలు బయటికి వస్తే వాటిపై 2023 అని ఉంటుంది. ఎండ ఎంత కాసిందో, రుచి ఎలా ఉన్నదో నిపుణులు పుటలకొద్దీ రాస్తారు. కోసినవారి సంగతి న్యాయస్థానపు దస్త్రంలోనే ఉంటుంది. ఆపీమియస్ నాటి నుంచి నేటికి రెండు వేల ఒక వంద ఏళ్ళు గడిచినా, జాడీ మారిందే గాని చీటీ మారలేదు.

చట్టానికీ ఏడు ఉన్నది

అయితే ఈ మాటకు మూలార్థంలో ఉన్న నిజాయితీని నిలుపుకున్న చోటు ఒకటి మన పార్లమెంటులోనే ఉన్నది. ప్రతి చట్టం పేరు చివర దాని సంవత్సరం ఉంటుంది. 1894 నాటి భూసేకరణ చట్టం అంటే అది ఎవరి కాలంలో, ఎవరి అవసరానికి పుట్టిందో ఆ అంకె చెబుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా అరవై ఆరేళ్ళు అదే చట్టంతో రైతుల భూములు తీసుకున్నాం. 2013 నాటి చట్టం 2014 జనవరి 1న అమలులోకి వచ్చేదాకా అది మారలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన రాజద్రోహ సెక్షన్ గాంధీ, తిలక్‌ల మీద ప్రయోగమైంది. ఆ స్మృతి స్థానంలో 2023 నాటి భారతీయ న్యాయసంహిత 2024 జులై 1 నుంచి వచ్చింది. పేరులో కొత్త సంవత్సరం ఉన్నంత మాత్రాన లోపలి సారం కొత్తదేనా అన్నది న్యాయకోవిదులు ఇంకా తర్కిస్తున్నారు. సీసా మీది అంకెకు, లోపలి ద్రాక్షకు నూటికి 85 పాళ్ళయినా పొంతన ఉండాలన్న నియమం చట్టాలకు లేదు.

నాయకులకైతే అసలే లేదు. 1975-77 ఎమర్జెన్సీ నాటి విద్యార్థి నాయకులను ‘ఆ వింటేజ్ వారు’ అని ఇంగ్లీషు పత్రికలు గౌరవంగా పేర్కొనేవి. వారిలో పలువురు తర్వాత అధికారంలోకి వచ్చారు. నిర్బంధాన్ని అనుభవించినవారు అధికారంలో ఉన్నప్పుడు నిర్బంధ చట్టాలను ఏం చేశారన్నదే ఆ పంటకు పరీక్ష. 1976 నాటి 42వ సవరణలోని కొన్ని అంశాలను 1978లో 44వ సవరణతో సరిదిద్దిన పార్లమెంటు ఆ పరీక్షలో కొంతవరకు నెగ్గింది. ఆ తర్వాతి ఏళ్ళ సంగతి పాఠకులు ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనంలోకి మారిపోయాయి. పాత భవనం ఇప్పుడు సంవిధాన్ సదన్. అక్కడి సెంట్రల్ హాలులో కాఫీ తాగుతూ అన్ని పక్షాల వారూ పిచ్చాపాటీ మాట్లాడుకున్న రోజులను తలచుకుని నా తరం విలేకరులు నిట్టూరుస్తారు. ఆ రోజులూ మాకు ‘వింటేజ్’ అయిపోయాయి. నేనూ ఆ మోహానికి అతీతుణ్ణి కాను. కాని నిట్టూర్పు వార్త కాదు.

ఆనాడు టెలిఫోన్‌లో అడిగిన పెద్దమనిషికి ఇప్పుడు జవాబు చెప్పగలననుకుంటాను. తెలుగులో ఆ పొగడ్త లేకపోవడం లోపం కాదు. మనవారు ఏళ్ళకు పేర్లు పెట్టుకున్నది మెచ్చుకోవడానికి కాదు, మరచిపోకుండా ఉండడానికి. ‘ధాత’ అంటే చాలు, ఏం పండలేదో, ఎవరు పోయారో తెలిసేది. ‘వింటేజ్’ను తెలుగు చేయవలసి వస్తే నేను ‘ఏటి పంట’ అంటాను. అలా అన్న వెంటనే మూడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఏ ఏటిది? ఏం పండింది? కోసినవారికి ఏం దక్కింది?

ఆ రాత్రి ప్రసంగాన్ని ఈమధ్య పార్లమెంటు గ్రంథాలయంలో చర్చల సంపుటి తెరిచి మళ్ళీ చదివాను. ధోరణి గొప్పదే. హాస్యం ఉన్నది, సామెతలు ఉన్నాయి, సభ నవ్వినట్టు నమోదైన చోట్లు ఉన్నాయి. చివరలో కరవు జిల్లాల సాగునీటికి సంబంధించిన ఒక డిమాండు కూడా ఉన్నది. ఆనాడు నేను దానిని వార్తలో రాయలేదు. ధోరణిని గురించి రాస్తూ విషయాన్ని వదిలేశాను. ఆ వార్తను తిరిగి రాసే అవకాశం వస్తే ‘వింటేజ్’కు అనువాదం వెతకను. తేదీ వేసి, ఆ డిమాండు రాసి, దానికి మంత్రి ఇచ్చిన సమాధానం ఏమిటో రాస్తాను.